గతి తప్పిన నాడి: సిక్కోలులో ముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

బీపీ మెషీన్ మొదటిసారి 138 చూపిస్తుంది. రెండోసారి 154. మూడోసారి ఎర్రర్. విలేజ్ క్లినిక్‌లో సిస్టర్ బ్యాటరీలు మార్చి, రెండో చేతికి పట్టీ కట్టి, ఆఖరికి నమ్మకంగా అనిపించిన అంకె ఒకటి రిజిస్టర్‌లో రాసి పంపేస్తుంది. అన్నిసార్లూ తప్పు మెషీన్‌ది కాదు. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషం సేపు నాడి చూస్తే కొందరిలో అసలు సంగతి బయటపడుతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. ఒక దెబ్బ గట్టిగా తగులుతుంది, తర్వాతిది అందీ అందనట్టు ఉంటుంది. ఇలాంటి నాడిని డిజిటల్ మెషీన్ సరిగ్గా కొలవలేదు. అందుకే అన్ని అంకెలు మారతాయి.

నాడి ఇలా ఉంటే మొదట అనుమానించాల్సింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు పొట్టిగా ఏఎఫ్ అంటారు. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. కుడి పైగదిలో ఒకచోట పుట్టే చిన్న కరెంటు పైగదులంతా పాకి, నడుమ గేటులా ఉన్న ఏవీ నోడ్ దాటి కిందికి దిగుతుంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఇదే జరుగుతుంది. ఏఎఫ్‌లో ఆ ఒక్కచోటి మాట చెల్లదు. తప్పెటగుళ్లలో గురువు పక్కకు తప్పుకుని, ఎవడి తప్పెట వాడు ఇష్టమొచ్చినట్టు వాయిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది పైగదుల పరిస్థితి. అక్కడ నిమిషానికి 350 నుంచి 600 సంకేతాలు పుడుతుంటాయి. ఏవీ నోడ్ అన్నిటినీ వదలదు, వీలైనవాటిని వీలైనప్పుడు వదులుతుంది. కాబట్టి నాడి వేగంగా ఉంటుంది, లెక్కకూ అందదు.

కొందరికి ఇది వెంటనే తెలుస్తుంది. గుండె దడ, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, ఒళ్లు తూలడం. ఇంకొందరికి ఏమీ తెలియదు, మామూలుగానే పొలం వెళ్లొస్తుంటారు. ప్రమాదం మాత్రం ఇద్దరికీ ఒకటే. పైగదులు ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటే, ఎడమ పైగదికి అంటుకుని ఉండే చిన్న సంచిలాంటి భాగంలో రక్తం కదలకుండా నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు లేనివాళ్లకంటే సుమారు 5 రెట్లు. పైగా ఇలా వచ్చే పక్షవాతం పెద్దగా వస్తుంది. పెద్ద రక్తనాళమే మూసుకుపోవడంతో చెయ్యి, కాలు, మాట ఒకేసారి పోతాయి.

జబ్బు గుండెదే అయినా ముందు కాపాడుకోవాల్సింది మెదడుని. ఈ వరస చాలాచోట్ల తారుమారవుతోంది. దడ తగ్గడానికి ఒక మాత్ర రాస్తారు, దడ తగ్గుతుంది, రోగి సంతోషంగా ఇంటికి వెళ్తాడు. గడ్డకట్టకుండా ఇవ్వాల్సిన మాత్ర సంగతి ఎవరూ ఎత్తరు. లేదా ఎత్తి, ఒక ఆస్పిరిన్ రాసి సరిపెడతారు.

ఆస్పిరిన్‌తో పని జరగదు

ఇది కొత్త సంగతేమీ కాదు. 2007లో ఇంగ్లండ్‌లో, పెద్దాసుపత్రుల్లో కాకుండా మన పీహెచ్‌సీల వంటి ఊరి డాక్టర్ల దగ్గరే, 75 దాటిన 973 మంది ఏఎఫ్ రోగుల మీద బాఫ్టా అనే అధ్యయనం జరిగింది. కొందరికి గడ్డకట్టకుండా చేసే పాత మందు వార్ఫరిన్, కొందరికి ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి 3.8 శాతం, వార్ఫరిన్ తీసుకున్నవాళ్లలో 1.8 శాతం. పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత 2011లో అవరోస్ అనే అధ్యయనం ఆస్పిరిన్‌ని గడ్డకట్టకుండా చేసే అపిక్సబాన్ అనే కొత్త మందుతో పోల్చింది. పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి. రక్తస్రావం దాదాపు సమానమే. అంటే ఆస్పిరిన్ ఇచ్చినా రక్తస్రావం ముప్పు తప్పదు, కాపాడాల్సినంత కాపాడదు కూడా. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏఎఫ్ చీటీలో ఒక్క ఆస్పిరినే కనిపిస్తే ఆ డాక్టర్ని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఆస్పిరిన్ దేనికి రాశారో ఆ కారణం విడిగా ఉంటుంది, తమంతట తాము ఆపకూడదు.

గడ్డకట్టకుండా చేసే మాత్ర ఎవరికి ఇవ్వాలన్నదానికి పాయింట్ల లెక్క ఒకటుంది. గుండె వైఫల్యం ఉంటే 1, బీపీ ఉంటే 1, షుగర్ ఉంటే 1, గుండె లేదా కాళ్ల రక్తనాళాల జబ్బుంటే 1, వయసు 65 నుంచి 74 మధ్య ఉంటే 1, 75 నిండితే 2, ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే 2. మొన్నమొన్నటిదాకా ఆడవాళ్లకు ఇంకో పాయింటు కలిపేవారు. 2024 యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. మొత్తం 2 లేదా అంతకు మించితే మాత్ర ఇవ్వాల్సిందే. 1 అయితే ఆలోచించి ఇవ్వచ్చు. ఏఎఫ్ రోజంతా ఉందా, వచ్చి పోతోందా అన్నది ఈ లెక్కలోకి రాదు. "ఇవాళ నాడి బాగానే ఉంది బాబూ, ఇంకా మాత్రలెందుకు" అని రోగి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. వచ్చి పోయే రకంలో కూడా గడ్డ కడుతుంది కాబట్టి మాత్ర ఆగదు.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. మన ప్రాంతానికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఆ పుస్తకాలు మనసులో పెట్టుకుని రాసిన రోగి 75 ఏళ్లవాడు, బీపీ ఉన్నవాడు, వాల్వులు బాగున్నవాడు, కిడ్నీలు ఫర్వాలేదన్నవాడు. వాల్వు జబ్బు, కిడ్నీ జబ్బు ఆ పుస్తకాల్లో మినహాయింపుల కింద చివర్లో వస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో, విజయనగరం జిల్లాలో కూడా, ఆ మినహాయింపులనే మొదట అడగాలని నా అభిప్రాయం. వాల్వు సన్నబడిందా? కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయి? ఈ రెండిటికీ జవాబు లేకుండా పాయింట్లు కూడి మాత్ర రాయడం గుడ్డిగా రాయడమే.

మొదటి ప్రశ్న: వాల్వు

చిన్నప్పుడు, 5 నుంచి 15 ఏళ్ల మధ్య, స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల గొంతునొప్పి వస్తుంది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు, తగ్గిపోతుంది. కొంతమంది పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత జ్వరం, ఒక కీలు తగ్గి ఇంకో కీలుకు పాకే వాపులు వస్తాయి. అదే రుమాటిక్ జ్వరం. కీళ్లు కోలుకుంటాయి. గుండె వాల్వులు మాత్రం దెబ్బతిని, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చకట్టి బిగుసుకుపోతాయి. ఎక్కువగా దెబ్బతినేది ఎడమ పైగదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు. దారి సన్నబడితే పైగదిలో ఒత్తిడి పెరుగుతుంది, గది ఉబ్బుతుంది, ఉబ్బిన గదిలో ఏఎఫ్ పుడుతుంది. ఇరుకు ఇళ్లు, సకాలంలో అందని వైద్యం ఉన్నచోట ఈ జబ్బు ఇంకా పోలేదు. ఇది ఆడవాళ్లలో ఎక్కువ.

అందుకే మన దగ్గర 30, 40 ఏళ్ల ఆడమనిషిలో నాడి గతి తప్పి కనిపిస్తే, ఎకో అనే గుండె స్కాన్ తీసి కాదని తేలేదాకా రుమాటిక్ వాల్వు జబ్బే అనుకోవడం మంచిది. స్టెతస్కోప్‌తో పట్టుకోవచ్చు కదా అంటారు. నెమ్మదిగా కొట్టుకునే గుండెలో అయితే సరే. నిమిషానికి 140 కొట్టుకునే గుండెలో వాల్వు సన్నబడితే వినిపించే ఆ సన్నటి గరగర చప్పుడు పట్టుకోవడం అనుభవం ఉన్న చెవికి కూడా కష్టమే. ముందు వేగం తగ్గించి మళ్లీ వినాలి. విన్నా వినకపోయినా జిల్లా ఆస్పత్రికి పంపి ఒక్కసారి ఎకో తీయించాలి. శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రికో, విజయనగరానికో, విశాఖ కేజీహెచ్‌కో ఒక్క ప్రయాణం. అది మొత్తం వైద్యాన్ని మలుపు తిప్పుతుంది.

మలుపు ఎందుకంటే, వాల్వు ఓ మోస్తరు నుంచి బాగా సన్నబడినవాళ్లకు పాయింట్ల లెక్క అక్కర్లేదు. పాయింట్లు సున్నా అయినా గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలి. అది కూడా పాతదే వేసుకోవాలి, వార్ఫరిన్ గానీ అసినోకౌమరాల్ గానీ. రెండోదాన్ని మన మందుల షాపుల్లో అసిట్రామ్ అంటే ఇస్తారు. కొత్త మందులు వీళ్లకు పనికిరావు. 2022కి ముందు ఈ మాట అనుమానంగా అనేవాళ్లం. ఆ ఏడాది ఆగస్టులో ఇన్విక్టస్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న డాక్టర్ గణేశన్ కార్తికేయన్ ముందుండి నడిపించిన వాళ్లలో ఒకరు. 24 దేశాల్లో రుమాటిక్ గుండె జబ్బు, ఏఎఫ్ రెండూ ఉన్న 4,500 మందికి పైగా రోగుల్లో రివరాక్సబాన్‌ని పాత మందులతో పోల్చారు. కొత్త మందే నెగ్గుతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. పాత మందు వేసుకున్నవాళ్లలో పక్షవాతాలు తక్కువ, చావులు తక్కువ. పెద్ద రక్తస్రావాలు కూడా ఎక్కువేమీ కాలేదు.

ఈ అధ్యయనంలో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పాత మందు వేసుకునేవాళ్లు రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అది 2కి 3కి మధ్య ఉండాలి. "మా ఊళ్లో ఐఎన్‌ఆర్ ఎవరు చేయించుకుంటారండీ, కొత్త మందు రాసేస్తే పోలా" అని మన డాక్టర్లే చాలామంది అంటుంటారు. ఇన్విక్టస్‌లో చేరినవాళ్లలో కూడా ఐఎన్‌ఆర్ ఎప్పుడూ గీత మీద లేదు. మొదట్లో మూడింట ఒక వంతు మందికే సరిగ్గా ఉంది. తర్వాత కూడా 56 నుంచి 65 శాతం వరకే ఎక్కింది. అయినా పాత మందే గెలిచింది. ఐఎన్‌ఆర్ అదుపులో ఉంచడం కష్టమన్న కారణం చెప్పి, వాల్వు సన్నబడిన మనిషికి కొత్త మందు రాయడం ఆ మనిషికి మేలు చేయదు.

ఐఎన్‌ఆర్ మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి చేయిస్తే చాలు. పట్టణాల్లోని ల్యాబుల్లో చేస్తారు. పీహెచ్‌సీ చేయగలిగింది ఒకటుంది. నెలకోసారి ఆ అంకె తెచ్చి చూపించే పుస్తకం ఒకటి పెట్టించి, మాత్ర ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పడం. దాని కోసం రోగిని విశాఖ దాకా పంపక్కర్లేదు. వాల్వుకు బెలూన్ వేయడం, మార్చడం లాంటివి ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, పెద్దాసుపత్రులు చూసుకుంటాయి. అక్కడి నుంచి వచ్చాక ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునేది ఊళ్లోనే. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేసే పెనిడ్యూర్ ఇంజెక్షన్ కూడా అంతే. చాలామందిలో అది మధ్యలో ఆగిపోతుంది.

ఈ రోగుల్లో పిల్లలు పుట్టే వయసువాళ్లు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. వార్ఫరిన్, అసిట్రామ్ తొలి నెలల్లో కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. నెల తప్పిందని అనుమానం వస్తే ఆ రోజే ఏఎన్‌ఎమ్మకో ఆశా కార్యకర్తకో చెప్పాలి. తనంతట తాను మాత్ర ఆపేస్తే తల్లికి పక్షవాతం ముప్పు. ఏ నెలలో ఏ మందు అన్నది గుండె డాక్టర్ తేల్చాలి.

రెండో ప్రశ్న: కిడ్నీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు చెబితే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే ఈ మండలాల్లో బీపీ గానీ షుగర్ గానీ లేనివాళ్ల కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఈ జబ్బు కిడ్నీలో వడపోత గుత్తుల కంటే సన్న గొట్టాల్ని, వాటి చుట్టూ ఉండే కణజాలాన్ని ముందు పాడుచేస్తుంది. అందుకే మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, ఒంట్లో నీరు పట్టదు. కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తే తప్ప తెలియదు. చూసినా మోసపోవచ్చు.

ఎలా మోసపోతామో ఒక లెక్కతో చూద్దాం. ఇద్దరికి క్రియాటినిన్ 1.3 అని రిపోర్టు వచ్చిందనుకుందాం. ఒకరు 50 ఏళ్ల మగమనిషి, బరువు 75 కిలోలు. రెండో ఆవిడకు 70 ఏళ్లు, 50 కిలోలు. ల్యాబ్ రిపోర్టులో ఇద్దరి అంకె పక్కనా ఒకటే గుర్తు ఉంటుంది, కాస్త ఎక్కువ అని. మందుల డోసు కోసం వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేస్తే సంగతి మారిపోతుంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చవేయాలి. ఆయనకు సుమారు 72 వస్తుంది. ఆవిడకు 32 కూడా నిండదు. రిపోర్టు ఒకటే అయినా ఆవిడ కిడ్నీ పని ఆయన దాంట్లో సగం కూడా లేదు. సన్నగా ఉండే మన పెద్దవాళ్లలో ఇది రోజూ జరిగేదే. కాబట్టి పీహెచ్‌సీలో ఏఎఫ్ చీటీ మీద బరువు రాయకపోతే ఆ చీటీ పూర్తయినట్టు కాదు. బరువు తూచే మిషన్‌కి ఈ జబ్బులో ఈసీజీకి ఉన్నంత విలువ ఉంది.

ఇప్పుడు ఆవిడ వాల్వు బాగుందని ఎకోలో తేలిందనుకుందాం. కొత్త మందులు ఇవ్వచ్చు. ఏది? డబిగట్రాన్ 80 శాతం దాకా కిడ్నీ నుంచే బయటికి పోతుంది. ఆవిడకు అది వద్దు. రివరాక్సబాన్ రోజుకు 20 మిల్లీగ్రాములు మామూలు డోసు, కిడ్నీ లెక్క 50 లోపు ఉంటే 15 ఇవ్వాలి. అది అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే ఒంటికి పట్టదు. అపిక్సబాన్ కిడ్నీ మీద అన్నిటికంటే తక్కువ ఆధారపడుతుంది, పావు వంతు పైచిలుకు మాత్రమే. రోజుకు రెండుసార్లు 5 మిల్లీగ్రాములు. 80 ఏళ్లు నిండటం, 60 కిలోలు లేదా అంతకు తక్కువ బరువు, 1.5 లేదా అంతకు మించిన క్రియాటినిన్, ఈ మూడింట్లో రెండు ఉంటే 2.5కి తగ్గించాలి. మన పెద్దావిడకు ఒక్కటే ఉంది, బరువు. కాబట్టి ఆవిడకు పూర్తి డోసే. ఇక్కడే చాలామంది తడబడతారు. 'పెద్దావిడ, సన్నగా ఉంది, కిడ్నీ కూడా అంతంతమాత్రం' అని భయపడి సగం డోసు రాస్తారు. దాంతో రక్షణ తగ్గిపోతుంది. ఇంతకుముందు ఈ మందుల ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. 2020 చివర్లో రివరాక్సబాన్‌కి, 2022లో అపిక్సబాన్‌కి పేటెంట్ తీరాక జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది.

కిడ్నీ లెక్క ఒకసారి వేసి వదిలేసేది కాదు. 60 లోపు ఉన్నవాళ్లకు ఒక సులువైన పద్ధతి ఉంది. ఆ అంకెను 10తో భాగిస్తే ఎన్ని వచ్చిందో అన్ని నెలలకోసారి మళ్లీ చూడాలి. 32 ఉన్నావిడకు మూడు నెలలకోసారి. మే నెల ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా అంతదాకా ఆగకూడదు. ఇక డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఏఎఫ్ వస్తే గడ్డకట్టకుండా మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది ప్రపంచంలో ఇంకా తెగని చర్చ. అది పీహెచ్‌సీలో తేల్చే విషయం కాదు.

మాత్ర మొదలయ్యాక

పాత మందు వేసుకునేవాళ్లకు ఆకుకూరలు మానేయమని చెప్పడం ఒక అలవాటైపోయింది. అనవసరం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది నిజమే, అయితే తినకపోవడం కంటే ఒకే తీరుగా తినడం ముఖ్యం. వారానికి రెండుసార్లు తోటకూర తినేవాళ్లు అలాగే తినచ్చు, దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు. చిక్కల్లా ఒక్కసారిగా మారినప్పుడు వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మనకు ఆనవాయితీ. ఏడాదంతా ముట్టనివాళ్లు ఆ నెలలో తెలగపిండి మునగాకు కూర వరసపెట్టి వండుకుంటే ఐఎన్‌ఆర్ కిందికి జారిపోవచ్చు. ఆ నెలలో ఒక పరీక్ష ఎక్కువ చేయించుకుంటే చాలు, కూర మానక్కర్లేదు.

అసలు ముప్పు కూరల కంటే ఇంజెక్షన్ల నుంచి ఎక్కువ. నాట్ల రోజుల్లో నడుం పట్టేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నడుంకి డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, సాయంత్రానికి మనిషి లేచి తిరుగుతాడు. గడ్డకట్టకుండా మందు వేసుకునేవాళ్లకు ఇది మూడు విధాల చెరుపు. కండలోకి దిగిన సూది చోట రక్తం గూడుకట్టి కాయలా ఉబ్బవచ్చు. నొప్పి మందు కడుపులో పుండు చేసి నల్లటి విరేచనం తెప్పించవచ్చు. కిడ్నీని మరికాస్త దెబ్బతీసి, గడ్డకట్టకుండా వేసుకునే మందు ఒంట్లో పేరుకునేలా చేయవచ్చు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవడం మేలు. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, రాత్రి పదింటికి తలుపు తీసేది వాళ్లే. ఫలానా ఆయన ఈ మాత్ర మీద ఉన్నాడు అని పీహెచ్‌సీ నుంచి ఒక ఫోన్ కొట్టి చెబితే వాళ్లలో చాలామంది వింటారు.

ఇంకొన్ని మందుల సంగతీ తెలిసి ఉండాలి. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, తామరకు ఇచ్చే ఫ్లుకోనజోల్ పాత మందు వేసుకునేవాళ్ల ఐఎన్‌ఆర్‌ని పైకి లాగుతాయి. టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ తిరగబడి పాత మందునీ కొత్త మందునీ రెంటినీ పనిచేయనివ్వదు. టీబీ మొదలైందంటే గుండె చీటీ కూడా మళ్లీ తెరవాలి.

కొత్త మందులతో ఐఎన్‌ఆర్ బాధ లేదు. దాని బదులు ఇంకో బాధ ఉంది. వేసిన మాత్ర ప్రభావం ఒక రోజు దాటదు. రెండు పూటలు మానేస్తే రక్షణ లేనట్టే. మన జిల్లాల నుంచి గుజరాత్ తీరంలో చేపల వేటకు, చెన్నై, హైదరాబాద్ కట్టడాల పనులకు నెలల తరబడి వెళ్లేవాళ్లు ఎందరో. వెళ్లేముందు ఎన్ని నెలలకు వెళ్తున్నారో అన్ని నెలల మాత్రలు, చీటీ ఫొటో ఫోన్‌లో. ఇది చెప్పడానికి స్పెషలిస్టు అక్కర్లేదు, ఆశా కార్యకర్త చాలు. పన్ను పీకించాలన్నా, కంటి క్యాంపులో శుక్లం ఆపరేషన్ అన్నా వారం పది రోజులు మాత్ర ఆపేయమని ఎవరైనా అంటే రాసిచ్చిన డాక్టర్ని అడగాలి. చాలావరకు అన్ని రోజులు ఆపక్కర్లేదు.

ఇక గుండె వేగం

దీని మీద ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పీహెచ్‌సీలో బాగా తెలిసిన మందులే. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మొదటిది. ఉబ్బసం ఉంటే డిల్టియాజెమ్. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు మాత్రం డిల్టియాజెమ్ వద్దు. విశ్రాంతిలో నాడి 110 లోపు ఉంటే మొదట చాలు. రేస్ 2 అనే అధ్యయనం 2010లో ఇది తేల్చింది, 80కి దించాలని మందులు గుమ్మరించక్కర్లేదు. దడ, ఆయాసం ఇంకా ఉంటేనే అప్పుడు ఇంకా తగ్గించాలి. డిజాక్సిన్ చవకది, పాతది, ఇప్పటికీ పనికొస్తుంది. ఉద్దానంలో మాత్రం దాన్ని చూసి వాడాలి. అది కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. ఆకలి మందగించి, వాంతి వచ్చినట్టు ఉండి, నాడి మరీ నెమ్మదిస్తే డిజాక్సిన్‌ని అనుమానించాలి.

ప్రతి ఏఎఫ్ రోగికీ ఒక్కసారైనా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చూడాలి. థైరాయిడ్ ఎక్కువైతే ఏఎఫ్ వస్తుంది, థైరాయిడ్ సరిచేస్తే కొందరిలో పోతుంది కూడా. పండక్కి నాలుగు రోజులు గట్టిగా తాగి ఐదో రోజు గుండె దడతో వచ్చే కుర్రాళ్లు ఉంటారు. వాళ్లకు అసలు వైద్యం తాగుడు మానడమే.

మళ్లీ మామూలు లయ తెప్పించాలా అన్నది గుండె డాక్టర్ నిర్ణయం. 2002లో అఫర్మ్ అనే అధ్యయనంలో మందులతో లయ తెప్పించిన గుంపు, వేగం తగ్గించిన గుంపు కంటే ఎక్కువ బతకలేదు. 2020లో ఈస్ట్-ఏఎఫ్‌నెట్ 4 అనే అధ్యయనం వచ్చి, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయ మీద దృష్టి పెడితే కొంత మేలుందని చూపించింది. కాబట్టి కొత్తగా బయటపడినవాళ్లని ఒకసారి గుండె డాక్టర్ దగ్గరికి పంపడం మంచిదే. అఫర్మ్‌లో పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవాళ్లో, ఐఎన్‌ఆర్ 2 లోపు ఉన్నవాళ్లో. లయ వచ్చింది కదా అని మాత్ర ఆపినవాళ్లూ అందులో ఉన్నారు.

వెంటనే పంపేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. బీపీ పడిపోయినవాళ్లు, స్పృహ తప్పినవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, పడుకుంటే ఊపిరాడనివాళ్లు. అలాగే మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడినవాళ్లు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఇచ్ఛాపురం వాళ్లకు శ్రీకాకుళం 130 కిలోమీటర్ల పైమాటే, విశాఖ ఇంకా దూరం. ఒడిశాలోని బరంపురం మెడికల్ కాలేజీ ముప్పై కిలోమీటర్ల లోపే, అటు వెళ్లడమే నయం. ఎటు వెళ్లినా అక్కడి డాక్టరు మొదట రెండు సంగతులు అడుగుతాడు. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు? గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఏది, ఆఖరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారు? కొత్త మందు ఆ పూటే వేసుకుని ఉంటే ఆ ఇంజెక్షన్ మామూలుగా ఇవ్వరు. ఐఎన్‌ఆర్ ఎక్కువున్నా ఇవ్వరు. కాబట్టి 108కి ఫోన్ చేసినవాళ్లు వ్యాన్ వచ్చేలోగా మాత్రల స్ట్రిప్పు, ఐఎన్‌ఆర్ పుస్తకం, చీటీ ఒక కవర్లో వేసి రోగితో పాటు పంపాలి. ఇంట్లో కోడలో కొడుకో, మాత్రలు ఏ పూట వేస్తున్నారో తెలిసినవాళ్లు ఒకరు ఆ వ్యాన్‌లోనే ఎక్కాలి.